ఎడమవైపు ముడి

మా ఊరి పేరు వూచ్.
మా భాషలో ఆ మాటకి పడవ అని అర్థం.
ఉన్న వాగుల్ని మిల్లుల కింద గొట్టాల్లోకి తోసేసి
పడవ పేరు మాత్రం ఉంచుకున్నాం.

నేను గెనోవెఫాని.
ముప్పై ఎనిమిదేళ్ళు సినిమా స్టూడియో మూడో అంతస్తులో
బట్టలు కుట్టాను.
కుట్టడమంటే కొత్తవి అనుకుంటారు జనం.
నా పనిలో సగం, కొత్తవాటిని పాతవి చెయ్యడం.
మోచేతుల్ని ఇటుక ముక్కతో రుద్దాలి,
జేబుల్లో తడి ఇసుక పోసి వారం వేలాడదీయాలి,
కాలరుకి కొవ్వొత్తి మైనం, చంకల్లో టీ డికాక్షన్.
సైనికుడు నాలుగు చలికాలాలు నడిచొచ్చిన కోటుని
బుధవారం మధ్యాహ్నానికల్లా
నేనే నడిపించి తెచ్చేదాన్ని.

ఒక చావుకి మూడు చొక్కాలు.
గుండు తగిలే చోట లోపలినుంచి
బ్లేడుతో గీకి పలచన చేస్తాం.
మొదటి టేకులో నటుడికి తుమ్మొచ్చింది.
రెండోసారి మబ్బు పట్టింది.
మూడోసారి బాగా చచ్చిపోయాడు, అందరూ చప్పట్లు కొట్టారు.
నేను చొక్కా విప్పించుకుని
చీమలు పట్టకముందే నానబెట్టాను.
సినిమా నెత్తురు పంచదార పాకం కదా.

ఒక నల్లకోటు ఉండేది.
మొదట జమీందారు తొడిగాడు, తర్వాత ఆయన గుమాస్తా,
తర్వాత గుర్రాల దొంగ,
చివరికి ఓ పిల్లల సినిమాలో దిష్టిబొమ్మ.
కాలరు లోపలి పట్టీ మీద అన్ని పేర్లూ ఉన్నాయి
ఒకదాని కింద ఒకటి, కొట్టివేతలతో.
కుట్టినదాని పేరు రాసే చోటు
ఏ కోటులోనూ ఉండదు.
నేనూ కుట్టలేదు.

తర్వాత మిల్లు సినిమా వచ్చింది.
నిజం మిల్లు అప్పటికే బజారైపోయింది,
నూలు గదిలో చెప్పులు అమ్ముతున్నారు.
మ్యూజియం నుంచి మగ్గాలు అద్దెకి తెచ్చారు.
నూట నలభై ఏప్రన్లు కావాలన్నారు.
మా అమ్మ ఆ మగ్గాల హోరులో చెవులు పోగొట్టుకుని
పెదాలు చదివి బతికిన మనిషి.

"ముడి ఎక్కడ వేసేవాళ్ళు?" అని ఇడాలియా అడిగింది.
హీరోయిన్ అయినా అడిగింది పిల్ల.
ఎడమవైపు, పక్కటెముక కింద, అన్నాను.
కుడివైపు బెల్టు తిరుగుతుంది.
వెనక వేస్తే చెయ్యి అందదు.
బట్టని యంత్రం పట్టుకుంటే
ఒక్క లాగుకి ఊడి రావాలి.
మా అమ్మకి ఓసారి ఊడింది.
అప్పటికి నేనింకా పుట్టలేదు.

దర్శకుడు క్సావెరి మానిటరు చూసి
"వెనక పెట్టండి, సీతాకోకచిలుకలా బాగుంటుంది" అన్నాడు.
సరే అన్నాను.
మా వృత్తిలో సూదికన్నా ఎక్కువ వాడే పనిముట్టు ఆ మాట.

ఆ రాత్రి నూట నలభై సీతాకోకచిలుకల్ని
వెనక మూడేసి టాకాలతో అంటించాను.
అవి ముడులు కావు, ముడుల వేషాలు.
అసలు పట్టీ లోపల.
ఎడమవైపు.
అంగుస్తానా లేకుండా కుట్టానేమో
తెల్లారేసరికి వేలు జల్లెడ.

పొద్దున ఒక్కొక్కరికి తొడిగి,
వాళ్ళ చెయ్యి పట్టుకుని ముడి మీద పెట్టి
"ఇక్కడ" అన్నాను. అంతే చెప్పాను.

మగ్గాలు మొదలయ్యాయి.
ఎవరూ చెప్పలేదు, ఏ కాగితం మీదా లేదు,
నూట నలభై చేతులు
ఒక్క క్షణం ఎడమ పక్కని తడిమి
పనిలో పడ్డాయి.

అది దర్శకుడు కనిపెట్టిన మౌనభాష అని
ఓ పత్రికలో రాశారు.
టీవీలో వేసినప్పుడు నా పేరు వచ్చేవేళకి
సబ్బుపొడి ప్రకటన వచ్చింది.
నవ్వాను. ఎంతైనా బట్టల సంగతే కదా.

మొన్న గోదాములో లెక్కలు తీస్తూ
కొత్తగా చేరిన ఓటిలియా ఏప్రన్ తిరగేసి పట్టుకొచ్చింది.
"వెనక ముడి ఉండగా లోపల ఈ పట్టీ దేనికమ్మా?
పొరపాటున కుట్టినట్టున్నారు, విప్పేయనా?"
చేతిలో కత్తెర ఉంది.

కత్తెర కింద పెట్టు.
ముందు కట్టుకో.
అలా కాదు, ఎడమకి.
ఆఁ,
ఇప్పుడు లాగు.